పార్కిన్సన్స్ వచ్చాక నాన్నగారు పెన్ను పట్టడం మానేశారు: మళ్లీ ఎలా రాయించాలి, తోటివాళ్ల గ్రూపులో చేర్చాలా?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. నాన్నగారికి అరవై మూడేళ్లు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, ఏడాదిన్నర కిందట పార్కిన్సన్స్ అని తేల్చారు, మందులు వాడుతున్నారు. రోజూ డైరీ రాసే మనిషి. సంతకం కలవలేదని బ్యాంకులో చెక్కు వెనక్కి వచ్చిన దగ్గర్నుంచి పెన్ను ముట్టుకోవడం లేదు. నలుగురిలోకి రారు, మీరు బెంగళూరు నుంచి ఫోన్ చేస్తే రెండు ముక్కల్లో ముగించేస్తారు. మళ్లీ రాయించడం వల్ల, ఇదే జబ్బున్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేర్చడం వల్ల ఊరట ఉంటుందా, లేక వాళ్లని చూసి ఇంకా బెదిరిపోతారా అని అడిగారు.

నాకీ జబ్బు వచ్చి పదేళ్లు దాటింది. అంతకుముందు గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చుని దస్తావేజులు రాసేవాణ్ణి. చేతిరాతే బువ్వ పెట్టిన మనిషిని. చెయ్యి వణకడం కంటే ముందే నా అక్షరం చిన్నదైంది. ఇప్పుడు మేం కొంతమందిమి కలిసి ఒక గ్రూపు నడుపుతున్నాం. కొత్తగా వచ్చినవాళ్లతో మాట్లాడే పని ఎక్కువగా నాకే అప్పగిస్తారు. డాక్టర్ని కాను, కాబట్టి మందుల మోతాదు జోలికి వెళ్లను.

జవాబు ముందే చెప్పేస్తాను. ఊరట ఉంటుంది. జబ్బు మాత్రం దానివల్ల ఒక్క మెట్టు కూడా వెనక్కి పోదు. ఈ రెండో సంగతి ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే మొదటిది దొరుకుతుంది. "రాస్తే తగ్గుతుందట నాన్నా" అని పుస్తకం చేతిలో పెడితే నాలుగు రోజులు రాస్తారు, చెయ్యి అలాగే వణుకుతోందని మూలన పడేస్తారు.

మరి రాస్తే ఒరిగేదేమిటి? ఈ జబ్బు మనిషి దగ్గర్నుంచి ముందుగా లాక్కునేది నలుగురిలో మాట్లాడే చొరవని. గొంతు మనకి తెలియకుండానే తగ్గిపోతుంది. ముఖంలో కండరాలు బిగిసి నవ్వు, కోపం ఏదీ పైకి కనపడదు. "ఏంటండీ అలా ఉన్నారు, మీ మనసు కష్టపెట్టామా" అంటారు చుట్టాలు. పెళ్లిలో పదిమంది చేరి కబుర్లు చెప్పుకుంటుంటే, మనం వెయ్యబోయిన జోకు గొంతు దాటేసరికి అందరూ భోజనాలకి లేస్తారు. నాలుగుసార్లు అలా అయ్యాక పెళ్లికి వెళ్లడమే మానేస్తాం. మీ నాన్నగారు ఫోన్లో రెండు ముక్కలతో సరిపెట్టడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది. కాగితం మీద ఆ హడావుడి లేదు. మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డురారు. చదివేవాళ్లకి గొంతులో నీరసం వినపడదు. వేళాకోళమాడే కండక్టరుగారు వేళాకోళమాడే కండక్టరుగారిలాగే బయటికొస్తారు.

అయితే ఆ రాతకి చదివేవాళ్లు కావాలి. బీరువాలో దాచుకునే డైరీ వల్ల కొంత మేలుంది, కాదనను. కానీ ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, మనిషిని కుర్చీలోంచి లేపేది "నాకూ అచ్చం ఇంతేనండీ" అని అవతల నుంచి వచ్చే జవాబు. అందుకే మీ రెండు ప్రశ్నల్నీ నేను ఒకే ప్రశ్నగా చూస్తున్నాను.

ముందు సంతకం సంగతి తేల్చండి. ఆయన పెన్ను వదిలేసింది బ్యాంకు కౌంటరు దగ్గర. అది తేలకుండా ఎంత ఖరీదైన పుస్తకం కొనిచ్చినా లాభం లేదు. డాక్టరు దగ్గర జబ్బు గురించి ఒక సర్టిఫికెట్ తీసుకుని బ్రాంచికి వెళ్లి, ఇప్పుడు వస్తున్న సంతకాన్నే కొత్త నమూనాగా ఇవ్వండి. పాత సంతకంలో ఇంటిపేరు, ఆ కింద గీత, చుక్కలు ఉంటే అవన్నీ తీసేసి పొట్టిదిగా మార్చుకోమనండి. సంతకం అసలు కుదరని రోజులొస్తే దానికీ దారుంది. ముసలితనం వల్లో జబ్బు వల్లో సంతకం చెయ్యలేని ఖాతాదారు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. బ్యాంకుకి తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బ్యాంకు బాధ్యతగల అధికారి అయ్యుండాలి. కౌంటర్లో అమ్మాయికి తెలియకపోతే మేనేజర్ని అడగండి. పెన్షన్ కోసం ఏటా ఇచ్చే బతికున్నట్టు సర్టిఫికెట్, అదే జీవన్ ప్రమాణ్‌ని, ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వొచ్చు. పనిలో పనిగా ఇంకో మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ పేరు రాసి ఉంది. వైకల్యం ఎంతుందో చెప్పే సదరం సర్టిఫికెట్‌కి ఆయన ఇప్పుడే వెళ్లనక్కర్లేదు గానీ, ఆ సంగతి గుర్తుంచుకోండి.

వెనక జనం లైన్లో నిలబడి చూస్తుంటే వణుకు రెట్టింపవుతుంది. టెన్షన్ ఈ జబ్బుకి బద్ధశత్రువు. కాబట్టి చెక్కుల మీద సంతకాలు ఇంట్లోనే, మాత్ర బాగా పనిచేస్తున్న వేళ చూసి చేయించండి.

ఇక చేతిరాత. వణుకు వల్ల అక్షరం చెడిందని చాలామంది అనుకుంటారు. అసలు జరిగేది వేరు. రాయడం చిన్నప్పటి నుంచి అలవాటై, చెయ్యి దానంతటది చేసుకుపోయే పని. కదలికల్ని నడిపించే డోపమైన్ అనే రసాయనాన్ని మెదడులో తయారుచేసే కణాలు తగ్గిపోతే దెబ్బతినేవి సరిగ్గా ఇలాంటి అలవాటైన కదలికలే. నడిచేటప్పుడు చేతులు ఊగడం, రెప్ప వెయ్యడం, రాత, అన్నీ ఈ కోవలోవే. అదే ఒక గీతని చూసి, దాన్ని అందుకోవాలని మనసుపెట్టి చేసే కదలిక మెదడులో ఇంకో దారిన వెళ్తుంది. ఆ దారి చాలావరకు బాగానే ఉంటుంది. నేల మీద అడ్డగీతలుంటే ఆగిపోయిన కాలు కదలడం, కాగితం మీద గీతలుంటే అక్షరం పెద్దదవడం ఇందుకే.

ఒకటో తరగతి పిల్లల కాపీ పుస్తకం కొనివ్వకండి, ఆయనకి చిన్నతనంగా ఉంటుంది. తెల్లకాగితాల మీద స్కేలు పెట్టి, అంగుళం ఎడంతో రెండు రంగుల్లో గీతలు కొట్టి ఒక కట్ట తయారుచేసి పెట్టండి. పై గీత నుంచి కింది గీత దాకా అక్షరం తాకాలి, అంతే నియమం. మన తెలుగు రాతకి ఇక్కడ ఒక సుఖం ఉంది, ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు కలిపిరాతలాగా మనం లాక్కుంటూ పోము. ఒక్కో అక్షరానికీ పెన్ను ఎత్తుతాం, ఎత్తినప్పుడల్లా చేతికి కాస్త విరామం. చిక్కేమిటంటే కింద ఒత్తులు, పైన గుడులు. అక్షరం కుదించుకుపోతే ముందు మాయమయ్యేవి అవే. "రాష్ట్రము" అన్న మాటలో ఆ మధ్య అక్షరం నా చేతిలో ఉత్త సిరా మరకలాగా మిగిలేది. అందుకని కింది గీతకి దిగువన ఒత్తుకోసం ఇంకో సన్నగీత కొట్టుకున్నాను. ఇప్పటికీ అలాగే రాస్తాను.

సన్నటి బాల్‌పెన్ను వద్దు. లావుపాటి జెల్ పెన్నో, స్కెచ్ పెన్నో తీసుకుని, పట్టుకునేచోట స్పాంజి గొట్టమో రబ్బరు బ్యాండ్లో చుట్టండి. మోచెయ్యి బల్ల మీద పూర్తిగా ఆనాలి. అక్షరం రాస్తూ పైకి "పెద్దది, పెద్దది" అనుకోమనండి. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ పనిచేస్తుంది.

ఇంకో లక్షణం ఉంది. లైను మొదట్లో బాగానే ఉన్న అక్షరం చివరికొచ్చేసరికి ఆవగింజంత అవుతుంది. అలాంటప్పుడు లైనుకి ఒక్క మాటే రాయాలి. ఇక్కడ మీ నాన్నగారి ఉద్యోగం కలిసొస్తుంది. ఆయన తిరిగిన రూటులో స్టేజీల పేర్లు వరసగా రాయమనండి. ఉదాహరణకి గుంటూరు నుంచి శ్రీశైలం వెళ్లే బండి అనుకుందాం: గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల, శ్రీశైలం. లైనుకి ఒక ఊరు. మీరు అడగాల్సింది అంతవరకే. వినుకొండ దగ్గరికి వచ్చేసరికి, అక్కడ తెల్లవారుజామున బండెక్కే పూలబుట్టలావిడ సంగతో, చిల్లర కోసం గొడవపడ్డ ఆసామి సంగతో దానంతటదే వస్తుంది. ఆయన రాయకపోతే నన్ను అడగండి.

వేళ ముఖ్యం. ఈ జబ్బుకి ముఖ్యంగా వాడే లెవోడోపా మాత్ర వేసుకున్నాక చాలామందికి అరగంట నుంచి గంటలో ఒళ్లు తేలికపడుతుంది. దాన్ని మేం "ఆన్" అంటాం, మందు దిగిపోయిన వేళని "ఆఫ్" అంటాం. రాత ఆన్‌లోనే. పప్పు, పెరుగు, గుడ్డు లాంటివి కడుపులో ఉంటే వాటిలోని మాంసకృత్తులు ఈ మందుకి పోటీకొచ్చి ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. అందుకే తిండికి అరగంట ముందు వేసుకోమంటారు. పొద్దున్నే పెసరట్టుతోపాటు మాత్ర మింగి "ఈ మందు పనిచెయ్యట్లేదు" అనేవాళ్లు మా గ్రూపులో ప్రతినెలా ఒకరు తగులుతారు. ఏడాదిన్నరకే ఈ ఆన్, ఆఫ్ తేడా ఆయనకి అంతగా తెలియకపోవచ్చు కూడా.

ఏం రాయాలి అన్నదాంట్లో నాకు కొంచెం పట్టుదలుంది. రోజూ మూడు మంచి విషయాలు రాసి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే డైరీలు అమ్ముతున్నారు. కొత్తగా జబ్బు తెలిసిన మనిషికి అవి ఇవ్వకండి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పావుగంట పట్టిన రోజున కృతజ్ఞతలు రాయమంటే వళ్లు మండుతుంది. వళ్లు మండిందనే రాయనివ్వండి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజీ ప్రొఫెసరు 1986లో కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం ప్రచురించాడు. రోజుకి పావుగంట చొప్పున వరసగా నాలుగు రోజులు, మనసుని కలచివేసిన సంగతుల్ని దాచుకోకుండా రాయమన్నాడు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అది పార్కిన్సన్స్ వాళ్ల మీద చేసింది కాదు, మనకీ అంతే జరుగుతుందని చెప్పను. నేను దాన్నుంచి తీసుకున్నది ఒక్కటే. రాశాక ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే కంగారుపడి పుస్తకం లాక్కోకండి.

మా గ్రూపులో చాలామంది ఒకే పుస్తకాన్ని రెండు వైపుల నుంచీ వాడతాం. ముందు వైపు జబ్బు లెక్క: మాత్ర ఎన్నింటికి, ఎప్పుడు దిగింది, ఎక్కడ తూలారు, నిద్రలో కేకలు పెట్టారా, విరేచనం అయిందా. డాక్టరు మనకిచ్చేది పది నిమిషాలు, ఆ పది నిమిషాల్లో మనకేదీ గుర్తురాదు. ఈ పుస్తకం ముందుపెడితే ఆయన మందు వేళలు సర్దగలడు. అసలీ జబ్బే ఇలా చూసి రాసిపెట్టడం వల్ల లోకానికి తెలిసింది. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ రాసిన చిన్న పుస్తకంలో ఉన్నది ఆరుగురు రోగుల సంగతే. వాళ్లలో కొందరిని ఆయన వీధిలో చూశాడంతే. మొదటి పేజీలో మాత్రం ఎర్రసిరాతో మందుల పేర్లు రాసి పెట్టండి, వాడేవీ, వాడకూడనివీ. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకిచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, ఆస్పత్రుల్లో మనిషి కలవరిస్తే ఇచ్చే హాలోపెరిడాల్ లాంటివి ఈ జబ్బుని ఎక్కువ చేస్తాయి. వేరే జబ్బుతో వేరే ఆస్పత్రిలో చేరినప్పుడు ఆ పేజీ చూపించాలి. మీ న్యూరాలజిస్టుకి ఒకసారి చూపించి సరిచేయించుకోండి.

పుస్తకం వెనక వైపు ఆయనిష్టం. అది మీరు చదవొద్దు, ఆయన ఇస్తే తప్ప.

చేత్తో రాయడం మరీ కష్టమైన రోజున ఫోన్ ఉంది. గూగుల్ కీబోర్డు జీబోర్డులో తెలుగు పెట్టి మైకు గుర్తు నొక్కితే మాట అక్షరమవుతుంది. వేళ్లు వణికి ఒకే అక్షరం మూడుసార్లు పడుతుంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి చూడండి, చాలా ఫోన్లలో వెంటవెంట పడ్డ తాకిడిని పట్టించుకోకుండా చేసే వీలుంది. మైకుతో ఇంకో లాభం ఉంది, ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఇంట్లోవాళ్లు "గట్టిగా మాట్లాడండి" అంటే మనకి ఉక్రోషం వస్తుంది, మన చెవికి మన గొంతు బాగానే వినపడుతుంది కాబట్టి. ఫోన్‌కి మొహమాటం లేదు. గొంతు తగ్గితే "వంకాయ కూర" అన్నది ఇంకేదో అయి కూర్చుంటుంది. దాని మీద అలగలేం కదా, గట్టిగా చెప్తాం. 1987లో అమెరికాలో మొదలైన ఎల్ఎస్‌వీటీ లౌడ్ అనే స్పీచ్ థెరపీలో కిటుకు కూడా ఇదే, గొంతు పెంచి మాట్లాడటాన్ని పట్టుబట్టి అలవాటు చెయ్యడం. మేం శనివారం సాయంత్రాలు జూమ్‌లో కలిసి, ఆ వారం రాసుకున్నది ఒక్కొక్కరం పైకి చదువుతాం. అవతలివాళ్లకి వినపడకపోతే చెయ్యెత్తుతారు. చదివిన దానికి మెచ్చుకోలు, గొంతుకి కసరత్తు, రెండూ అయిపోతాయి.

ఇప్పుడు గ్రూపు. చూసి బెదిరిపోతారా అన్నారు. బెదిరిపోయే అవకాశం ఉంది. జబ్బు ముదిరినవాళ్లు కూడా ఉంటారు. ఒళ్లు మెలికలు తిరిగే వీడియో ఎవరో పెడతారు. రేపు నా గతీ ఇదేనా అని ఆ రాత్రి నిద్రపట్టదు. అందుకని మొదటిరోజే వందమంది ఉన్న గ్రూపులో పడెయ్యకండి. అడ్మిన్‌తో మాట్లాడి, ఆయన వయసువాడు, జబ్బు కూడా అదే మోస్తరులో ఉన్నవాడు ఒక్కరిని ముందు పరిచయం చేయించండి. మేం అలాగే చేస్తాం. ఇద్దరూ ఒక వారం పది రోజులు మాట్లాడుకున్నాక ఆయనే అడుగుతారు, అందులో ఇంకెవరెవరున్నారని. చేరాక కూడా చాలారోజులు చదువుతూ ఊరుకుంటారు, ఒక్క ముక్క రాయరు. రాయమని తొందరపెట్టకండి. ఈ జబ్బు ఒక్కొక్కరిలో ఒక్కోలా నడుస్తుంది, ఇద్దరి దారి ఒకటి కాదు అన్నది చదివి చదివి ఆయనకే అర్థమవుతుంది.

దాచుకోవడం గురించి కూడా చెప్పాలి. చెయ్యి జేబులో పెట్టుకుని తిరగడం, కాఫీ వద్దనడం, గ్రూపుల్లో పేరు మార్చుకుని చేరడం, ఇవన్నీ మేం చేసినవే. హాలీవుడ్ నటుడు మైకేల్ జె. ఫాక్స్‌కి 1991లో, ఇరవై తొమ్మిదేళ్లకి ఈ జబ్బని తెలిస్తే 1998 దాకా బయట చెప్పలేదు. అంతటివాడికే ఏడేళ్లు పట్టింది. మీ నాన్నగారికి ఏడాదిన్నరేగా.

గ్రూపు విలువ నాకు రాత్రిళ్లు తెలుస్తుంది. ఈ జబ్బులో నిద్ర తెగిపోతుంటుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువొచ్చి, పక్కకి తిరుగుదామంటే ఒళ్లు తిరగదు, ఇంట్లోవాళ్లని లేపబుద్ధి కాదు. ఆ టైముకి డాలస్‌లో సాయంత్రం. అక్కడున్న మా గ్రూపు మనిషి, తెనాలి నుంచి వెళ్లి స్థిరపడ్డాయన, "లేచారా గురువుగారూ, మోకాళ్లు ముడిచి ముందు పిరుదు కదపండి, తర్వాత భుజం" అని మెసేజ్ పెడతాడు. ఆయన చెప్పినట్టు చేస్తే తిరగగలుగుతాను. ఆ తర్వాత ఇద్దరం మా ఊళ్ల సినిమాహాళ్ల గురించి కొట్టుకుంటాం. శాటిన్ దుప్పటి వేస్తే పక్క మీద తేలిగ్గా జారవచ్చని చెప్పింది కరీంనగర్ నుంచి ఒక టీచరమ్మ. ఇలాంటివి ఏ ప్రిస్క్రిప్షన్‌లోనూ ఉండవు. ఏప్రిల్ 11న, అంటే ఆ పార్కిన్సన్ పుట్టినరోజున, ప్రపంచమంతా ఈ జబ్బుకి గుర్తైన ఎర్ర తులిప్ పువ్వు బొమ్మ పెడుతుంది. నేను మా పెరట్లో ముద్దమందారం ఫోటో పెడతాను, మనకి తులిప్పులెక్కడివి.

తెలుగు గ్రూపు దగ్గర్లో దొరక్కపోతే మీ న్యూరాలజిస్టు దగ్గర, ఫిజియోథెరపిస్టు దగ్గర అడగండి, వాళ్లకి తెలిసే ఉంటుంది. ముంబై కేంద్రంగా పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ అని ఒకటి ఉంది, చాలా ఊళ్లలో రోగుల బృందాలు నడుపుతుంది. కానీ నా మాట వింటే భాష చూసుకుని చేర్చండి. నొప్పి చెప్పుకోవడానికి ఇంగ్లీషు వెతుక్కోవాల్సి వస్తే ఈ వయసువాళ్లు చెప్పుకోవడమే మానేస్తారు.

చేర్చేముందు ఆ గ్రూపులో పాత మెసేజ్‌లు మీరు చూడండి. "నేను రోజుకి ఇన్ని వేసుకుంటున్నా, మీరూ పెంచుకోండి" అనే మాటలు ఎక్కువగా ఉంటే వద్దు. లెవోడోపాని ఎవరి మాటో విని ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకోటి దూలగొండి పొడి. దీని మీద వారానికో ఫార్వర్డ్ వస్తుంది. అది పూర్తిగా బూటకమూ కాదు, చిక్కంతా అక్కడే. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉందని మన దేశ శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి 1937లోనే వేరుచేసి చూపించారు. అంటే ఆ పొడి తింటే మాత్ర మీద మాత్ర వేసుకున్నట్టే, పైగా ఎంత పడిందో లెక్క తెలియదు. మూలకణాలతో (స్టెమ్ సెల్స్) నయం చేస్తామని, లక్షల్లో ఖర్చని ఫోన్లు చేసేవాళ్లు కూడా గ్రూపుల్లోంచే నంబర్లు ఏరుకుంటారు. ప్రిస్క్రిప్షన్ ఫోటో పెట్టాల్సి వస్తే పేరు, నంబరు కనపడకుండా పెట్టమనండి.

రాత విషయంలో ఒక హెచ్చరిక ఉంది, కొంచెం వింతగా ఉంటుంది. ఈ జబ్బుకి వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందుల వల్ల కొందరికి ఏదో ఒక పని మీద ఆపుకోలేని యావ పుడుతుంది. ఆన్‌లైన్ రమ్మీ, అక్కర్లేని షాపింగ్, అర్ధరాత్రి తిండి. కొందరికి అది రాత మీదికి మళ్లుతుంది. పెన్ను ముట్టని మనిషి తెల్లార్లూ కూర్చుని పుస్తకాలు నింపుతుంటే మనం మురిసిపోతాం. నిద్ర మాని, తిండి మాని రాస్తుంటే మాత్రం డాక్టరుకి చెప్పాలి. మందు మార్చడమో తగ్గించడమో ఆయన చూసుకుంటాడు, మీరు ఆపకండి.

దిగులు సంగతి కూడా అంతే. ఈ జబ్బులో దిగులు కేవలం జబ్బొచ్చిందన్న బాధ వల్లే రాదు, మెదడులో మార్పుల వల్ల కూడా వస్తుంది. వణుకు మొదలవడానికి ముందే వచ్చినవాళ్లున్నారు. దానికి మందులున్నాయి, పనిచేస్తాయి. ఇష్టమైన తిండి, మనవలు, క్రికెట్, ఏదీ పట్టకుండా వారాల తరబడి ఉంటే అది రాతతోనో మా కబుర్లతోనో తేలేది కాదు, న్యూరాలజిస్టుకి వివరంగా చెప్పండి. బతకడం ఎందుకు అనే మాట నోటినుంచి వస్తే ఆ రోజే. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒక్కటి గమనించాను. ఇంత వివరంగా రాసిన మీరు అమ్మగారి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. గుండీలు పెట్టేది, మాత్రల టైము గుర్తుచేసేది, రాత్రి ఆయన పక్కకి తిరగడానికి చెయ్యి అందించేది ఆవిడే అయ్యుంటుంది. నిద్రలో ఆయన చేతులు విసిరితే దెబ్బ తినేదీ ఆవిడే. మా దగ్గర చూసుకునేవాళ్లకి వేరే గ్రూపు ఉంది, అందులోకి రోగులకి ప్రవేశం లేదు. మా ఆవిడ అందులో నా గురించి ఏం రాస్తుందో నాకు తెలియదు, అడగను కూడా. విసుగు, కోపం, ఒక్కోసారి ఏడుపు, అక్కడ కక్కేసి వస్తుందని మాత్రం తెలుసు. మీరు చూసే గ్రూపులో అలాంటి ఏర్పాటు ఉందో లేదో అడగండి, లేకపోతే పెట్టమనండి. అమ్మగారి నంబరు నాన్నగారి కంటే ముందు చేర్చినా నష్టం లేదు. నాన్నగారి స్టేజీల కాగితం వచ్చాక ఇక్కడే పెట్టండి, ఏ రూటో చూద్దాం.